తెరచి అతికించిన లకోటాలు

పుదుచ్చేరి పట్టణంలో, ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీధిలో ఒక పాత ఇల్లున్నది. మహాకవి సుబ్రహ్మణ్య భారతి నివసించిన ఆ ఇంటిని ప్రభుత్వం స్మారక మందిరంగా కాపాడుతున్నది. యాత్రికులు చెప్పులు విడిచి లోనికి వెళ్ళి, చిత్రపటాలు చూచి, ఒక నమస్కారం పెట్టి బయటికి వస్తారు. నేనూ అనేక పర్యాయాలు అలాగే వెళ్ళి వచ్చాను. అయితే ఆ గుమ్మం దిగినప్పుడల్లా నా చూపు వీధిలోని పాత అరుగులమీదికి పోతుంది. ఒకానొక కాలంలో ఈ పట్టణపు అరుగులమీద కూర్చుని, ఎవరు ఎవరి ఇంటికి వస్తున్నారో, టపా బంట్రోతు ఎవరి చేతికి ఏ లకోటా ఇస్తున్నాడో కనిపెట్టి చూడటమే ఉద్యోగంగా, నెలనెలా జీతం పుచ్చుకొన్న మనుష్యులుండేవారు. వారికి స్మారక మందిరం లేదు. ఉండాలని నేననను. కాని వారి కథ కూడ ఈ ఊరి కథే.

1908 నాటి మాట. తిరునల్వేలి కాల్పులను ఖండిస్తూ వ్రాసిన వ్యాసానికి బెజవాడ 'స్వరాజ్య' పత్రికకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని దొరతనంవారు జైలుకు పంపిన సంవత్సరమది. అదే ఏడు మద్రాసులో భారతి నడుపుతున్న తమిళ వారపత్రిక 'ఇండియా'పై రాజద్రోహ నేరం మోపి, సంపాదకుడుగా పేరు నమోదయివున్న ఆయనను నిర్బంధించారు. తరువాతి వంతు తనదేనని మిత్రులు హెచ్చరించగా భారతి ఫ్రెంచివారి పుదుచ్చేరికి చేరుకున్నాడు. కొన్ని వారాలకే 'ఇండియా' కూడ అక్కడినుంచి వెలువడసాగింది. ఫ్రెంచి గడ్డమీద ఇంగ్లీషు పోలీసులకు అధికారం లేదు. వారంటు పనిచేయదు. పత్రికకు ఇక భయమేమున్నదని అందరూ అనుకున్నారు.

భయం టపాలో ఉన్నది. పత్రిక పుదుచ్చేరిలో అచ్చయినా చదువరులు మద్రాసులో, మదురలో, తంజావూరులో ఉన్నారు. ప్రతి ప్రతీ సరిహద్దు దాటి బ్రిటిష్ ఇండియా టపాలో ప్రవేశించక తప్పదు. చందా డబ్బు కూడ ఆ దారినే రావాలి. దొరతనంవారు అచ్చుయంత్రం జోలికి పోలేదు, సంపాదకుని జోలికీ పోలేదు. పత్రిక బ్రిటిష్ ఇండియాలోకి రాకూడదని ఉత్తరువు చేసి ఊరుకున్నారు. 1910 మార్చిలో 'ఇండియా' ఆగిపోయింది. ఒక్క తుపాకి ప్రేలకుండ, ఒక్క సాక్షిని విచారించకుండ, కేవలం టపా సంచీ మూతి బిగించి ఒక పత్రికను చంపవచ్చునని ఆనాడు తెలిసింది.

ఇందుకు కావలసిన చట్టం వారివద్ద సిద్ధంగానే ఉన్నది. 1898 నాటి తపాలా చట్టంలో 26వ విభాగం, 1885 నాటి తంతి చట్టంలో 5వ విభాగం. ప్రజాసంబంధమైన అత్యవసర పరిస్థితి ఏర్పడినా, ప్రజాక్షేమం కోరినా, ఉత్తరాన్నిగాని తంతినిగాని మధ్యలో ఆపవచ్చునని వాటి సారాంశం. ఆ పరిస్థితి ఏర్పడిందో లేదో తేల్చవలసింది ఎవరంటే, ఉత్తరాన్ని ఆపదలచినవారే. ఈ రెండు విభాగాల పేర్లు పాఠకులు కొంచెం జ్ఞాపకముంచుకోవాలని కోరుతాను. వీటితో మనకు ఇంకా పని ఉన్నది.

పరుల ఉత్తరాలు చదవటమనే విద్య ఇంగ్లీషువారు మన దేశంలో కనిపెట్టినది కాదు. ఫ్రాన్సులో రాజుల కాలంలో దానికోసం ఒక ప్రత్యేక శాఖే ఉండేది. దానికి 'నల్ల గది' అని పేరు. లక్క ముద్ర చెడకుండ లకోటా విప్పి, నకలు వ్రాసుకుని, మళ్ళీ ముద్ర వేసి పంపటంలో అక్కడి గుమాస్తాలు ఆరితేరినవారు. 1789 విప్లవానికి ముందు ప్రజలు సమర్పించుకున్న విన్నపాలలో ఈ నల్ల గదిపై ఫిర్యాదు కూడ ఒకటి. లండనులో 1844లో మరొక సంగతి జరిగింది. ఇటలీనుంచి వెళ్ళి అక్కడ తలదాచుకొన్న మాజినీకి తన ఉత్తరాలను ఎవరో తెరుస్తున్నారని అనుమానం కలిగింది. లకోటాలలో గసగసాలు, ఇసుక రేణువులు, తలవెండ్రుకలు పెట్టి తనకు తానే ఉత్తరాలు వ్రాయించుకున్నాడు. ఉత్తరాలు వచ్చాయి, గసగసాలు రాలేదు. పార్లమెంటులో గగ్గోలు పుట్టింది. హోం మంత్రి సర్ జేమ్స్ గ్రాహం తన ఉత్తరువుమీదనే అది జరిగినట్టు ఒప్పుకోవలసి వచ్చింది. తమ దేశంలో ఒక పరదేశి ఉత్తరాలు తెరిచినందుకు అంత సిగ్గుపడిన జాతి, సుమారు అర్ధశతాబ్ది తరువాత మన దేశంలో అదే పనిని చట్టంగా వ్రాసుకున్నది. సముద్రం దాటేసరికి సిగ్గు కూడ తడిసి బరువెక్కుతుంది కాబోలు.

1910 ఏప్రిల్ 4వ తేదీన 'డూప్లే' అనే ఓడలో అరవింద ఘోష్ పుదుచ్చేరిలో దిగారు. మొదట కొన్ని నెలలు శంకర చెట్టియారుగారి మేడమీద ఉన్నారు. ఆ ఇల్లున్న వీధిని అప్పట్లో కొమట్టి వీధి అనేవారు. ఆ పేరు వినగానే తెలుగు చెవికి సొంత ఊరు తగిలినట్టుంటుంది. ఆ సంవత్సరమే వ.వె.సు. అయ్యరుకూడ ఐరోపానుంచి పోలీసుల కన్నుగప్పి ఇక్కడికి చేరారు. 1911 జూన్ 17న మణియాచ్చి రైలు స్టేషనులో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య జరిగిన పిమ్మట ఇక్కడి ప్రవాసులపై నిఘా రెండింతలయింది. రంగూ రూపూ మార్చుకొన్న వేగులవారితో పట్టణం నిండిపోయింది.

అరవిందులు ఆ కాలంలో చందర్‌నగరులోని అనుచరులకు వ్రాసిన ఉత్తరాలు తరువాత అచ్చయినాయి. చందర్‌నగరు కూడ ఫ్రెంచివారిదే, పుదుచ్చేరి కూడ వారిదే. మధ్యదారి మాత్రం ఇంగ్లీషువారిది. అందువల్ల ఆ ఉత్తరాలలో విప్లవ కార్యక్రమాల ప్రసక్తి వచ్చినచోట తాంత్రిక సాధన పరిభాష కనిపిస్తుంది. అసలు యోగ విషయాలు కూడ అదే ఉత్తరాలలో ఉన్నవి. ఏది యోగమో, ఏది సంకేతమో విడదీయటానికి పండితులు ఈనాటికీ తలలు పట్టుకుంటారు. ఇంగ్లీషు గుమాస్తా చదవకూడదని వేసిన ముసుగు, నూరేళ్ళ తరువాత చదివే మనకుకూడ అడ్డమయింది.

ఉత్తరాలలో దొరకనిదానిని వారు ఇంకొక రీతిగా దొరికించుకోజూచారు. 1912లో ఒకనాడు అయ్యరుగారి ఇంటి నూతిలో నీరు తోడుతుండగా చేదకు ఒక మూతవేసిన పాత్ర తగిలింది. విప్పి చూస్తే లోపల రాజద్రోహకరమైన కరపత్రాలు, కాళికాదేవి బొమ్మ, వంగభాషలో కాగితాలు. ఎవరో రాత్రివేళ వేసి పోయినారు. దానిని తగలబెట్టుదామా, సముద్రంలో పారవేద్దామా అనే తర్జనభర్జన జరిగే సమయాన, మనమే ఫ్రెంచి పోలీసులకు కబురు చేయటం మంచిదని భారతి సలహా ఇచ్చాడట. అలాగే చేశారు. ఆ వెనుకనే మయూరేశన్ అనే ఇంగ్లీషువారి మనిషి, ఈ ప్రవాసుల ఇండ్లలో ప్రమాదకరమైన కాగితాలున్నాయని ఫ్రెంచివారికి ఫిర్యాదు పెట్టాడు. నాందో అనే న్యాయాధికారి సోదాకు వచ్చాడు. అరవిందుల ఇంట్లో ఆయనకు దొరికినవి లాటిను, గ్రీకు వ్రాతలు. ఇంతటి పండితుడు బాంబులవాడెట్లా అవుతాడని ఆయన విస్తుపోయి, తరువాత మర్యాదగా తన ఇంటికి ఆహ్వానించి స్నేహితుడయ్యాడు. అబద్ధపు ఫిర్యాదు తన మెడకే చుట్టుకుంటుందని తెలిసి మయూరేశన్ సరిహద్దు దాటి పారిపోయాడు.

ఈ కథను చాలమంది నవ్వుతూ చెబుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. చేదకు ఆ పాత్ర ఆనాడు తగలకపోతే, సోదా ముందుగా జరిగివుంటే, లాటిను గ్రీకుల మహిమ అయ్యరునుగాని భారతినిగాని కాపాడేది కాదు. ఒక న్యాయాధికారి చదువుకున్నవాడై, ఒక పాత్ర తొందరగా పైకివచ్చి, అదృష్టం కలిసివచ్చినందున వారు బ్రతికారు.

అరవిందుల ఇంట్లోనే బీరేన్ అనే యువకుడు కొన్ని నెలలు సేవకుడుగా ఉండి, ఒకనాడు తానే బయటపడి, తాను పోలీసువారి వేగునని కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు. తన స్థానంలో రాబోయే వేగు తనను గుర్తుపట్టేందుకు అతడు గుండు చేయించుకున్నాడట. అది చూచి ఆ ఇంట్లోని మరొక కుర్రవాడు సరదాకు తానూ గుండు చేయించుకోగా, తన గుట్టు తెలిసిపోయిందని బీరేన్‌కు భయం పట్టుకున్నది. వేగులవానిని కూడ ఎవరో కనిపెడుతున్నారనే భయం పీడించకమానదు.

ఫ్రెంచి సరిహద్దు నీడను మన తెలుగువారు కూడ వాడుకోకపోలేదు. శారదా చట్టం వచ్చాక గోదావరి జిల్లాలవారు బండ్లు కట్టుకొని యానాం వెళ్ళి బాల్యవివాహాలు జరిపించుకొచ్చేవారు. ఒకే సరిహద్దు ఒకచోట స్వేచ్ఛకు, మరొకచోట చిన్నపిల్లల మెడలో తాళికి ఆశ్రయమిచ్చింది. సరిహద్దుకు నీతి లేదు.

ఇక నా సొంత సంగతి ఒకటి మనవి చేస్తాను. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించేనాటికి నేను ఉద్యోగరీత్యా పుదుచ్చేరిలో ఒక చిన్న గదిలో ఉంటున్నాను. మా అక్కయ్య గోదావరి ఒడ్డున ఒక పల్లెలో ఉండేది. బావగారు బడిపంతులు. ఉపాధ్యాయ సంఘంలో నలుగురితో కలిసి తిరిగే మనిషి. ఆయన స్నేహితులు ఇద్దరిని పోలీసులు పట్టుకుపోయారు. అప్పటినుంచి అక్కయ్య ఉత్తరాలు నాకు ఆలస్యంగా రావటం మొదలయింది. నాలుగు రోజులలో రావలసినది పన్నెండు రోజులకు వచ్చేది. లకోటా అంచున జిగురు రెండు రంగులుగా కనిపించేది. ఒకటి మామూలు జిగురు, రెండవది కొంచెం పసుపుపచ్చగా, ఎక్కువగా పూసినట్టుగా. నిజంగా ఎవరైనా తెరిచారో, లేక వానకు తడిసిన లకోటాను ఏ దయగల బంట్రోతో అతికించాడో, ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకొనే మార్గమూ లేదు. ఉత్తరం తెరిచినవాడు సంతకం పెట్టి పోడు.

తెలియకపోవటమే చాలును. నేను బావగారి క్షేమం అడగటం మానివేశాను. సముద్రం సంగతి వ్రాసేవాడిని. మా హోటలులో సాంబారు ఎట్లా ఉన్నదో, తుఫాను వస్తుందో రాదో వ్రాసేవాడిని. అక్కయ్యకూడ గేదె ఈనటం గురించి, మాగాయ ఎండటం గురించి వ్రాసేది. రెండేళ్ళలో ఇద్దరం కలిసి ముప్ఫయి ఉత్తరాలకు తక్కువ కాకుండ వ్రాసుకున్నాము. వాటిని మొత్తం దొరతనంవారు తెరిచినా ఊరగాయలు పెట్టటం తప్ప ఏమీ నేర్చుకోలేరు.

1977 మార్చిలో అత్యవసర పరిస్థితి ఎత్తివేసిన తరువాత నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. అక్కయ్య సరిగా మాట్లాడలేదు. రెండవనాడు రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఏమిరా, మీ బావ మూడు నెలలు బడికి పోలేక ఇంట్లో దాక్కున్నంత పనయితే, ఒక్క ఉత్తరంలో అయినా ఎట్లా ఉన్నారని అడిగావా? సముద్రమట, సాంబారట!" అన్నది. నాకేమో, ఇంత కష్టంలోనూ తోడబుట్టినవాడికి ఒక్క మాట వ్రాయలేదని ఆమెపైన అప్పటిదాకా కోపం. ఇద్దరం ఒకరినొకరం కాపాడాలనే నోరు మూసుకున్నాము. ఒకరి మౌనం మరొకరికి నిర్లక్ష్యంగా అందింది.

అందుకనే న్యాయశాస్త్రం చదువుకోని నాకు ఒక తీర్పు మాత్రం హృదయానికి హత్తుకున్నది. ఉత్తరప్రదేశంలో ఖరక్ సింగ్ అనే అతనిని 1941లో ఒక దోపిడి కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. విడిచిపెట్టినా పోలీసు చిట్టాలో పేరు మిగిలింది. రాత్రివేళ తలుపు తట్టటం, ఇంటికి కాపలా కాయటం, ఎక్కడికి వెళ్ళినా వెంట నడవటం. అతడు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. రాత్రివేళ ఇంటికి రావటం తప్పన్నారు. మిగిలిన నిఘాను మాత్రం సమర్థిస్తూ, ఏకాంతపు హక్కు మన రాజ్యాంగంలో లేదన్నారు అధిక సంఖ్యాకులు. మన రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు, జె.సి. షాగారు ఏకీభవించలేదు. వెంట నీడ తిరుగుతుండగా మనిషి కాళ్ళు స్వేచ్ఛగా కదిలినా మనస్సు కదలదనీ, ఆ మనిషికి దేశమంతా ఒక చెరసాలే అవుతుందనీ సుబ్బారావుగారి వాదన సారాంశం. ఆ అభిప్రాయం యాభైయయిదు సంవత్సరాలు మైనారిటీగానే ఉండిపోయింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కేనని చెప్పి, ఖరక్ సింగ్ తీర్పులోని ఆ భాగాన్ని కొట్టివేశారు. అప్పటికి సుబ్బారావుగారు పోయి నాలుగు దశాబ్దాలు దాటింది.

ఇక నేను జ్ఞాపకముంచుకోమన్న ఆ రెండు విభాగాల సంగతి. స్వాతంత్ర్యం వచ్చినా వాటికి వయసు పెరిగిందే తప్ప మరణం రాలేదు. 1986లో తపాలా చట్టపు అధికారాలను ఇంకా పెంచుతూ పార్లమెంటు ఉభయసభలు ఒక బిల్లును ఆమోదించాయి. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దానిపై సంతకం పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. బల్లమీద పెట్టుకుని కూర్చున్నారు. అది చట్టంగా మారనే లేదు. టెలిఫోనుల విషయంలో 1988లో కర్ణాటకలో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పదవినే వదులుకోవలసి వచ్చింది. రాజకీయ నాయకుల టెలిఫోనులను చాటుగా విన్నారన్న వార్తలపై పౌరహక్కుల సంఘమొకటి, పి.యు.సి.ఎల్., సుప్రీంకోర్టుకు వెళ్ళగా 1996 డిసెంబరు 18న జస్టిస్ కుల్దీప్‌సింగ్ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఉత్తరువు హోం శాఖ కార్యదర్శి ఇవ్వాలి. రెండు నెలలే చెల్లుతుంది. పొడిగించినా ఆరు నెలలు మించరాదు. ఉన్నతాధికారుల సంఘం పరిశీలించాలి. న్యాయమూర్తి అనుమతి ముందుగా ఉండాలని మాత్రం చెప్పలేదు. చట్టంలో అది లేదన్నారు.

 ఆ రెండు పాత చట్టాల స్థానంలో పార్లమెంటు 2023లో కొత్త తపాలా చట్టాన్ని, కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని చేసింది. 1898 నాటి 26వ విభాగం చేసిన పనిని ఇప్పుడు 9వ విభాగం చేస్తున్నది. 1885 నాటి 5వ విభాగం చేసిన పనిని 20వ విభాగం చేస్తున్నది. "ప్రజాసంబంధమైన అత్యవసర పరిస్థితి", "ప్రజాక్షేమం" అనే మాటలు మన టెలికమ్యూనికేషన్ల చట్టంలో అలాగే ఉన్నవి. 2024 నియమాల ప్రకారం ఉత్తరువు అరవై రోజులు చెల్లుతుంది, పొడిగిస్తూ నూట ఎనభై రోజులదాకా పోవచ్చును. పరిశీలించే సంఘంలో ఉండేవారు ప్రభుత్వ కార్యదర్శులే. ఎవరి మాటలు విన్నారో ఆ మనిషికి పని అయిపోయిన తరువాతనైనా తెలియజేయాలన్న నిబంధన లేదు. ప్రభుత్వానికి ఇటువంటి అధికారమే వద్దని నేననను. బాంబు పెట్టదలచినవాడు కూడ టెలిఫోనులోనే మాట్లాడతాడు. కాని తాళం వేసినవాడే తాళంచెవి లెక్క చూచుకుంటే ఆ లెక్కను నమ్మేదెట్లా?

'పెగాసస్' అనే ఇజ్రాయెలు యంత్రాంగం టెలిఫోనులలోకి చొరబడిందన్న అభియోగంపై 2021 అక్టోబరు 27న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం విచారణ సంఘాన్ని నియమించింది. జాతీయ భద్రత అన్నంతమాత్రాన న్యాయస్థానం నోరు మూసుకోదని ఆ ఉత్తరువు తాత్పర్యం. పరీక్షకు ఇచ్చిన 29 టెలిఫోనులలో అయిదింట ఏదో హానికరమైన పదార్థం కనబడిందనీ, అది పెగాససే అనటానికి నిర్ధారణ లేదనీ, ప్రభుత్వం సహకరించలేదనీ 2022 ఆగస్టులో వెల్లడయింది. తెలంగాణలో టెలిఫోనులు చాటుగా విని, ఆ ఆధారాలను ధ్వంసం చేశారన్న ఆరోపణపై 2024 మార్చిలో హైదరాబాదు పంజగుట్ట ఠాణాలో కేసు నమోదయింది. అందులోని నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. మయూరేశన్ కాలంలో కాగితాలను నూతిలో వేయవలసి వచ్చేది. ఈ కాలంలో మనిషి జేబులోని యంత్రంలోనే వేయవచ్చును, తీయవచ్చును. చేదకు తగిలే పాత్ర ఉండదు.

అక్కయ్య పోయి కొన్నేళ్ళయింది. ఆమె పెట్టెలో నా ఉత్తరాలన్నీ ఒక పసుపుతాడుతో కట్టి ఉన్నవి. ఆమె ఉత్తరాలు నా దగ్గర ఉన్నవి. ఈ మధ్య రెంటినీ తేదీల వారీగా పక్కపక్కన పేర్చి చదివాను. 1976 ఆగస్టు నాటి ఉత్తరంలో మామిడిచెట్టు సంగతీ, పెరటి గోడ సంగతీ అయిన తరువాత, చివరి పంక్తిలో, "పాలవాడు ఈ నెల రావటం లేదు, మేము నల్ల కాఫీతోనే సరిపెట్టుకుంటున్నాము" అని ఉన్నది. అప్పట్లో వాళ్ళ ఇంట్లో రెండు గేదెలున్నవి. పాలు కొనుక్కొనే అవసరం ఎప్పుడూ లేదు. ఆ వాక్యాన్ని ఆనాడు చదివి ఊరుకున్నాను. ఇప్పుడు పదిసార్లు చదివాను. అడగటానికి ఆమె లేదు, బావగారూ లేరు.